ఈస్టరు తర్వాతి 50 రోజులు: లేచిన ప్రభువును వెదకడం ఎలా

సిలువ మీద చనిపోయిన యేసు ప్రభువు తిరిగి లేచిన పండుగ ఈస్టరు. దానికి ముందు వచ్చే శ్రమకాలం 40 రోజులూ మన ఇళ్లలో ఒక క్రమం నడుస్తుంది. శుక్రవారం సిలువ ధ్యానాలు, ఒంటిపూట భోజనం, మట్టలాదివారం, మంచి శుక్రవారం మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా సిలువ మీద ఆయన పలికిన ఏడు మాటల ధ్యానం. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తులు, మందిరంలో ఆరాధన, ఇంటికొచ్చాక విందు. సోమవారం పొద్దున లేచేసరికి ఏమీ ఉండదు. బైబిలు మళ్లీ అల్మారా ఎక్కుతుంది.

నిజానికి పండుగ అప్పుడే మొదలైంది. లేచిన ప్రభువు 40 రోజుల పాటు శిష్యులకు కనబడుతూ వచ్చాడని అపొస్తలుల కార్యములు 1:3 చెబుతుంది. ఆయన పరలోకానికి ఎక్కిపోయిన ఆరోహణం తర్వాత, పరిశుద్ధాత్మ శిష్యుల మీదికి దిగివచ్చిన పెంతెకొస్తు దాకా ఎదురుచూసిన రోజులు కలిపితే 50. ఏడ్చేవాళ్లని, తలుపులు మూసుకున్నవాళ్లని, ఆశ వదులుకుని ఊరికి తిరిగిపోతున్నవాళ్లని ఆయన వెతుక్కుంటూ వెళ్లి కలిసింది ఈ రోజుల్లోనే. శ్రమకాలంలో ఆయన బాధను తలుచుకున్నవాళ్లు ఆయన్ను కలుసుకునే కాలాన్ని వదిలేయడం బాధాకరం.

ఆ కథనాలన్నీ ఒక్కచోట పెట్టి చదివితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చాలామంది ఆయన్ను చూసీ గుర్తుపట్టలేదు. ఆయన శిష్యురాలు మగ్దలేనే మరియ సమాధి దగ్గర ఆయన్ను తోటమాలి అనుకుంది. యెరూషలేము నుంచి ఎమ్మాయు అనే ఊరికి వెళ్తున్న ఇద్దరు శిష్యులూ ఎవరో బాటసారి అనుకున్నారు. తిబెరియ సముద్రం ఒడ్డున నిలబడ్డది ఎవరో పడవలో ఉన్న ఏడుగురికీ తెలియలేదు. ఆయన మాత్రం ప్రతిసారీ అక్కడే ఉన్నాడు. కాబట్టి ఈ 50 రోజుల్లో మీరు చేయాల్సిన పని, ఇప్పటికే మీ పక్కకు వచ్చి నిలబడ్డవాణ్ణి గుర్తుపట్టడం నేర్చుకోవడం.

మొదట తేదీలు రాసుకోండి

మార్చి 21 నాడు గాని ఆ తర్వాత గాని వచ్చే పున్నమి దాటిన మొదటి ఆదివారం ఈస్టరు. అందుకే అది మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య మారుతూ ఉంటుంది. 2026లో ఈస్టరు ఏప్రిల్ 5, ఆరోహణ దినం మే 14 గురువారం, పెంతెకొస్తు మే 24. 2027లో మార్చి 28, మే 6, మే 16. గోడ క్యాలెండరులో ఈ మూడు తేదీల చుట్టూ గీత గీసి, మధ్యలో ఉన్న ఆదివారాలకు అంకెలు వేయండి. ఇవి మన దగ్గర పెళ్లిళ్లు, ప్రయాణాలు, పిల్లల సెలవులు, కరెంటు కోతలు కలిసొచ్చే రోజులు. గుర్తు పెట్టుకోకపోతే రెండో వారానికే జారిపోతాయి.

కావలసినవి నాలుగే. బైబిలు, 100 పేజీల నోటుపుస్తకం, రోజూ 25 నిమిషాలు, తోడుగా ఒక మనిషి.

బైబిలు విషయంలో ఒక మాట. మనం వాడే పాత అనువాదం గ్రాంథికంలో ఉంటుంది. దాని నడక చెవికి ఇంపుగా ఉంటుంది, కంఠస్థం చేయడానికి అంతకంటే మంచిది లేదు. కానీ చిన్నప్పటి నుంచీ విన్న వాక్యం మీదుగా మనసు జారిపోతుంది. అందుకని వాడుక భాషలో వచ్చిన అనువాదం ఒకటి పక్కన పెట్టుకుని, మొదటిసారి అందులో, రెండోసారి పాతదానిలో చదవండి. ఫోనులో కాకుండా కాగితం మీద చదివితే మేలు. ఫోనే దిక్కయితే డేటా ఆపేసి చదవండి.

సమయం తెల్లవారుజామునే పెట్టుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ వేడెక్కాక మనసు నిలవదు. మరియ కూడా ఇంకా చీకటి ఉండగానే బయల్దేరింది.

తోడు మనిషి అంటే మీకు బోధించేవాళ్లు కానక్కర్లేదు. వారానికోసారి అరగంట కూర్చుని, నోటుపుస్తకంలో రాసింది ఒకరికొకరు చదివి వినిపించుకోగలిగితే చాలు. వదినో, స్నేహితుడో, సంఘంలో పెద్దమ్మో, ఎవరైనా సరే.

చదివే పద్ధతి

రోజుకో అధ్యాయం వద్దు. వారానికి ఒక్క భాగం, 10 నుంచి 20 వచనాలు. ఆరు రోజులూ అదే చదవాలి. మూడో రోజుకి విసుగొస్తుంది. ఆ విసుగు దాటాక, నాలుగో రోజున, అంతకుముందు కంటపడని మాట ఒకటి కనిపిస్తుంది. చాలామంది మూడో రోజునే భాగం మార్చేసి అసలైనది పోగొట్టుకుంటారు.

మొదటి 2 నిమిషాలు ఊరికే కూర్చోండి. తర్వాత భాగాన్ని పైకి, నెమ్మదిగా చదవండి. పెదవుల్లో కాకుండా, పక్కనున్న మనిషికి వినబడేంత గొంతుతో. ఎక్కడ మనసు ఆగితే అక్కడ చదవడం ఆపండి. ఆ మాటను 5 నిమిషాలు పట్టుకుని ఉండండి. రెండోసారి చదివేటప్పుడు ఆ కథలో మీరు ఎక్కడ నిలబడి ఉన్నారో చూసుకోండి. సమాధి లోపలా, బయటా, తలుపు వెనకా? చివరి 5 నిమిషాలు ఆయనతో నేరుగా మాట్లాడండి. ప్రార్థనలో అలవాటైపోయిన పెద్ద పెద్ద మాటలు పక్కన పెట్టి, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే. ఆఖరున తేదీ, వచనం, ఒకే ఒక్క వాక్యం రాయండి. పేజీ నిండా రాస్తే అది ప్రసంగం అవుతుంది. ఒక్క వాక్యం అంటే నిజం రాయక తప్పదు.

యేసు జీవితం చెప్పే నాలుగు సువార్తలూ (మత్తయి, మార్కు, లూకా, యోహాను) కలిపి కుట్టడానికి ప్రయత్నించకండి. ఒకరు ఇద్దరు దేవదూతలంటే ఇంకొకరు ఒక్కడంటారు, స్త్రీల పేర్లు వేరువేరుగా ఉంటాయి. ఆ పరిశీలనకు విలువ ఉంది గానీ దానికి ఇది వేళ కాదు. ఏ వారం ఎవరి సువార్త చదువుతుంటే ఆ వారం వాళ్లనే చెప్పనివ్వండి.

క్రైస్తవ కుటుంబంలో పుట్టకుండా, యేసు ఎవరో తెలుసుకోవాలని వచ్చినవారైతే ముందు మార్కు సువార్త మొత్తం ఒక్క విడతలో చదవండి. 16 అధ్యాయాలు, సుమారు రెండు గంటలు. ఎవరు చనిపోయారో తెలియకుండా ఎవరు లేచారో అర్థం కాదు.

మొదటి వారం: సమాధి దగ్గర (యోహాను 20:1–18)

ఈస్టరు ముందు రోజు సమాధులు శుభ్రం చేసి సున్నం వేసే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. ఆ పని కూలివాళ్లకు అప్పగించకుండా మీరే వెళ్లండి. గడ్డి పీకండి, పేరు చెక్కిన అక్షరాల్లో చేరిన మట్టి పుల్లతో తీయండి. ఆ పేరు వేలికింద తగులుతుంటే ఏడుపొస్తే ఆపుకోకండి. లేచిన ప్రభువు తన సమాధి ఉన్న తోటలో మరియను మొదట అడిగిన ప్రశ్నే ఎందుకు ఏడుస్తున్నావని. ఆ ప్రశ్నలో గద్దింపు లేదు, ఆమె జవాబు వినడానికి ఆయన ఆగాడు.

మన తెలుగు బైబిలులో ఆయన ఆమెను మొదట "అమ్మా" అంటాడు. దారిన పోయే ఎవరైనా ఆడమనిషిని పిలిచే పిలుపే. ఆమెకు గుర్తు తెలియలేదు. తర్వాత "మరియా" అన్నాడు. ఆ ఒక్క పిలుపుతో అన్నీ మారిపోయాయి. ఈ వారం చేయాల్సింది ఇది: మిమ్మల్ని ప్రేమించినవాళ్లు ఇంట్లో ఏ పేరుతో పిలిచేవారో, ఆ పేరు నోటుపుస్తకంలో రాయండి. బాప్తిస్మం పేరు, ఆధార్ కార్డు మీద పేరు కాదు, చిట్టి అనో బుజ్జి అనో పిలిచిన ఆ పేరు. కళ్లు మూసుకుని, ఆయన ఆ పేరుతో పిలుస్తున్నట్టు 5 నిమిషాలు ఉండండి. మొదటి రెండు రోజులు మొహమాటంగా ఉంటుంది. మానకండి.

17వ వచనంలో తనను పట్టుకుని ఉండవద్దని ఆయన ఆమెకు చెబుతాడు. పదేళ్ల కిందట ఏదో కూడికలో కలిగిన అనుభవాన్నే గట్టిగా పట్టుకుని, మళ్లీ అదే రావాలని ఎదురుచూసేవాళ్లకు ఆ మాట వర్తిస్తుంది. ఆయన ఈసారి వేరే దారిన రావచ్చు.

రెండో వారం: మూసిన తలుపులు, తోమా (యోహాను 20:19–29)

పన్నెండుమంది శిష్యుల్లో ఒకడైన తోమాను అవిశ్వాసి అని ఆడిపోసుకోవడం మనకు అలవాటు. వాక్యం జాగ్రత్తగా చదివితే, లేచిన ప్రభువు శిష్యులకు కనబడిన మొదటి ఆదివారం అక్కడ లేనివాడు, నమ్మలేనని బాహాటంగా చెప్పినవాడు, ఎనిమిది రోజుల తర్వాత కూడా అదే సహవాసంలో కూర్చుని ఉన్నాడు. వాళ్లు అతన్ని వెళ్లగొట్టలేదు, అతనూ వెళ్లిపోలేదు. ప్రభువు అతనికి కనబడింది ఆ గదిలోనే. సందేహం వచ్చినప్పుడు ఆరాధనకు వెళ్లడం మానేయడమే మనం చేసే పెద్ద పొరపాటు.

తోమా సందేహం స్పష్టంగా ఉంది. మేకుల గురుతు చూడాలి, వేలు పెట్టి చూడాలి, ప్రక్కలో చెయ్యి పెట్టాలి. మీ సందేహాన్నీ అలాగే రాయండి. "నాకు విశ్వాసం తక్కువ" అని రాస్తే దానితో ఏమీ చేయలేం. "మా అమ్మ కోసం రెండేళ్లు ప్రార్థించాను, అయినా పోయింది, నువ్వు విన్నావో లేదో నాకు తెలియదు" అని రాస్తే ప్రభువు ముందు పెట్టడానికి ఒక మాట ఉంటుంది. ఆయన వచ్చి తోమా అన్న మాటలనే తిరిగి పలికాడు, అంటే అవి విన్నాడు. తోమా నిజంగా వేలు పెట్టాడని యోహాను రాయలేదు. "నా ప్రభువా, నా దేవా" అన్నాడని మాత్రం రాశాడు.

ఆయన గాయాలతోనే లేచాడు. అందుకని ఈ వారంలో ఒకరోజు గాయపడ్డవాళ్ల దగ్గరికి వెళ్లండి. మత్తయి 25లో రోగిని చూడవచ్చినవాళ్లతో ఆయన నన్నే చూడవచ్చారంటాడు. పెద్దాసుపత్రికి వెళ్తే చూసే వేళలు ముందు కనుక్కోండి. మంచం దగ్గర 15 నిమిషాలకు మించి ఉండకండి, నిలబడి కాకుండా కూర్చుని మాట్లాడండి, అడిగితేనే ప్రార్థించండి, అదీ పక్క మంచానికి వినబడనంత నెమ్మదిగా. పళ్లు అందరూ తెస్తారు. రోగి పక్కన రాత్రుళ్లు నేల మీద పడుకునే మనిషిని మాత్రం ఎవరూ పట్టించుకోరు. వాళ్లకు ఒక క్యారియరు అన్నం, పప్పు, పెరుగు తీసుకెళ్లి, వాళ్లు తినేదాకా మీరు మంచం దగ్గర కూర్చోండి.

మూడు, నాలుగు వారాలు: ఎమ్మాయు నడక (లూకా 24:13–35)

దీనికి రెండు వారాలు ఇవ్వండి. ఇందులో అన్నీ ఉన్నాయి, దారి, దుఃఖం, లేఖనాలు, బల్ల.

గ్రీకులో ఆ దూరం 60 స్టాడియములు, దాదాపు 11 కిలోమీటర్లు. మన అనువాదకులు చక్కగా "ఆమడ దూరము" అన్నారు. అంత నడవనక్కర్లేదు. మీరూ మీ తోడు మనిషీ ఒక సాయంత్రం ఎండ తగ్గాక గంట నడవండి. చెరువు గట్టు మీదో, కాలువ పక్కనో, ఊళ్లో ట్రాఫిక్ లేని వీధిలోనో. ఫోన్లు ఇంట్లో పెట్టేయండి.

మొదటి 20 నిమిషాలు ఒకరు మాట్లాడాలి. "మేము నిరీక్షించియుంటిమి" అన్నారు ఆ ఇద్దరూ. ఆశపడ్డాం, కాలేదు అని. మీరు ఆశపడి జరగనిది ఏదో అదే చెప్పండి. పిల్లవాడి ఉద్యోగం, విరిగిన సంబంధం, నయం కాని జబ్బు. వినేవాళ్లు ఆ 20 నిమిషాలు ఒక్క వచనం కూడా చెప్పకూడదు. ఇక్కడే అందరూ దెబ్బతింటారు. మనకు వాక్యం వచ్చు గనక, అవతలివాళ్లు రెండు మాటలు అనగానే "అన్నీ మేలు కోసమే" అనేస్తాం. యేసుకు వాళ్లకంటే ఎక్కువ తెలుసు, అయినా ఏం జరిగిందో వాళ్లనే చెప్పమని అడిగి, చివరిదాకా విన్నాకే నోరు తెరిచాడు. తర్వాతి 20 నిమిషాలు రెండోవారివి.

చివరి 20 నిమిషాలు లేఖనాలు. మోషే మొదలుకొని ప్రవక్తలందరూ రాసినవి ఆయన వివరించాడని ఉంది గానీ ఏయే భాగాలో లూకా చెప్పలేదు. ఆదికాండము 22, నిర్గమకాండము 12, కీర్తన 22, యెషయా 53తో మొదలుపెట్టండి. కీర్తన 16ను పెంతెకొస్తు నాడు శిష్యుడు పేతురు స్వయంగా పునరుత్థానానికి అన్వయించాడు, అదీ కలపండి. ఒక నడకకు ఒకటే. యెషయా 53 పన్నెండే వచనాలు, దాన్ని ముందే కంఠస్థం చేసి నడుస్తూ చెప్పుకోవచ్చు.

ఇంటికి చేరాక కలిసి తినండి. ఆయన వెళ్లిపోబోతుంటే వాళ్లు బలవంతం చేసి ఆపారు, "సాయంకాలము కావచ్చినది, మాతోకూడ ఉండుమని". ఆ వాక్యమే భోజనానికి ముందు ప్రార్థనగా చెప్పండి. చపాతీయో, రొట్టో ఒకటి చేతులతో విరిచి ఒకరికొకరు ఇచ్చుకోండి. ఇది మందిరంలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభు బల్లకు బదులు కాదు. దానికి మనసును సిద్ధం చేస్తుంది, అంతే. ఆయన రొట్టె పట్టుకుని, స్తోత్రం చేసి, విరిచి, పంచిపెట్టాడు. ఆ నాలుగు పనుల దగ్గర వాళ్ల కళ్లు తెరుచుకున్నాయి. ఈసారి మందిరంలో ఆ ప్రభు బల్ల సంస్కారం జరిగేటప్పుడు, కతోలికులైతే గుడిలో దివ్యబలిపూజలో, తల వంచుకుని ఉండిపోకుండా ఆ నాలుగు పనులనూ కళ్లతో చూడండి.

భార్యాభర్తలు గొడవలో ఉన్నప్పుడు ఈ నడక మొదలుపెట్టకండి. అది ఫిర్యాదుల నడక అవుతుంది.

అయిదో వారం: పని దగ్గర, నిప్పు దగ్గర (యోహాను 21)

మన కోస్తాలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు యాంత్రిక పడవలకు వేట నిషేధం. ఒడ్డున వలలు బాగుచేసుకునే ఈ రోజుల్లో, రాత్రంతా వేసినా ఏమీ పడని వల కథ అక్కడివాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు. మిగతావాళ్లు ఈ వారం మీ పనిలోని ఖాళీ వలను గుర్తించండి. అమ్ముడుపోని సరుకు, తిరిగొచ్చిన దరఖాస్తు, ఎంత చెప్పినా వినని తరగతి. రోజులో అది ఎదురైన క్షణాన ఒక్క నిమిషం ఆగి, "ఒడ్డున నువ్వున్నావా?" అని అడగండి. జవాబు వినబడాలని లేదు. కుడిపక్క వల వేయమన్నప్పుడు కూడా చెప్పింది ఎవరో వాళ్లకు తెలియదు. వేశారు, 153 పెద్ద చేపలు పడ్డాయి, ఆయన్ను గుర్తుపట్టింది ఆ తర్వాతే.

ఒడ్డుకు వచ్చేసరికి బొగ్గుల నిప్పు, దాని మీద చేప, రొట్టె. యోహాను సువార్త గ్రీకులో ఈ బొగ్గుల నిప్పుకు వాడిన మాట ఇంకొక్కచోటే ఉంది, 18:18లో. ప్రభువును బంధించిన రాత్రి పేతురు చలి కాచుకుంటూ ఆయన్ను ఎరుగనన్నది ఆ నిప్పు దగ్గరే. మళ్లీ అలాంటి నిప్పు దగ్గరే, అన్నం పెట్టాక, యేసు పేతురును మూడుసార్లు అడిగాడు. ఎందుకలా అన్నావని అడగలేదు, నన్ను ప్రేమిస్తున్నావా అని. ప్రతి జవాబుకీ ఒక పని అప్పగించాడు.

మీరు తప్పిన చోటు ఏదో రాయండి. క్షమాపణ కోరడంతో ఆగకుండా, ఈ వారంలోనే సరిచేయగలిగిన చిన్న పని ఒకటి దాని పక్కన రాయండి. ఎగ్గొట్టిన అప్పులో మొదటి వెయ్యి, మాటలు మానేసిన తమ్ముడికి ఒక ఫోను. ముందు అవతలివాళ్లకు అన్నం పెట్టండి, తర్వాత మాట్లాడండి.

ఏమీ అనిపించకపోతే, మరీ ఎక్కువ అనిపిస్తే

చాలామందికి ఏమీ అనిపించదు. సాక్ష్యాల్లో వెలుగు చూశాం, స్వరం విన్నాం అన్నవాళ్లతో పోల్చుకుని కుంగిపోతారు. ఎమ్మాయు దారిలో వాళ్లకు గుండె మండుతున్న సంగతి ఆయన వెళ్లిపోయాకే తెలిసింది. అందుకే ఆ ఒక్క వాక్యం నోటుపుస్తకం. నాలుగో వారం చివర వెనక్కి తిప్పి చదవండి. అప్పుడు కనబడేది ఆ రోజు కనబడదు.

మధ్యలో నాలుగు రోజులు తప్పిపోతే, తప్పిన భాగాలన్నీ ఒకేసారి చదివి బాకీ తీర్చాలని చూడకండి. ఆ రోజు ఏ వారమో ఆ వారం భాగంతో మొదలుపెట్టండి.

దర్శనమో, కలో వచ్చిందనిపిస్తే మూడు చూడండి. అది సువార్తల్లోని యేసులా ఉందా? మిమ్మల్ని మనుషుల వైపు పంపుతోందా? మరియనీ పేతురునీ ఆయన కలిసిన వెంటనే ఎవరో ఒకరి దగ్గరికి పంపాడు. మీ సంఘ కాపరికో, నమ్మకమైన పెద్దలకో చెప్పగలరా? పెళ్లి, ఆస్తి, మందులు మానేయడం లాంటి నిర్ణయాలు ఒక్క కల మీద తీసుకోవద్దు. ప్రభువును చూపిస్తామని డబ్బు అడిగే చోటికి వెళ్లొద్దు. నిద్ర, తిండి లేకుండా దుఃఖం వారాల తరబడి వదలకపోతే ప్రార్థనతో పాటు డాక్టరునూ కలవండి. లూకా కూడా వైద్యుడే.

ఆరోహణం నుంచి పెంతెకొస్తు దాకా

ఆరో వారం మత్తయి 28:16–20, 1 కొరింథీయులకు 15:3–8 చదవండి. కొండ మీద ఆయనకు మొక్కినవాళ్లలో కూడా కొందరు సందేహించారని మత్తయి దాచకుండా రాశాడు. ఆరోహణ దినం గురువారం వస్తుంది, మన దగ్గర సెలవు ఉండదు. ఆ సాయంత్రం మేడ మీదికో, ఆకాశం కనబడే చోటికో వెళ్లి అపొస్తలుల కార్యములు 1:1–11 చదివి, కిందికి దిగి రండి.

తర్వాతి తొమ్మిది రోజులు కొత్త వచనాలేవీ వద్దు. శిష్యులు మేడగదిలో ఎడతెగక ప్రార్థించారు, అక్కడ కూడుకున్నవాళ్లు సుమారు 120 మంది. మీరు రోజూ ముగ్గురి పేర్లు చెప్పి ప్రార్థించండి, తొమ్మిది రోజులూ ఆ ముగ్గురే. వాళ్లలో ఒకరు మీరు సరిచేసుకోవాల్సిన మనిషి అయి ఉండాలి. వీలైతే ఇద్దరు ముగ్గురు కలిసి, ఒక ఇంట్లో, 20 నిమిషాలు. పాటలు తక్కువ, మౌనం ఎక్కువ.

పెంతెకొస్తు నాడు పేతురు లేచి మాట్లాడేసరికి పొద్దు పొడిచి జాము కూడా కాలేదని మన బైబిలు చెబుతుంది, అంటే ఉదయం తొమ్మిదిలోపే. ఆ ఆదివారం తొమ్మిదింటికి ముందే మందిరానికి చేరుకోండి. ఆ ముగ్గురిలో రాగలిగినవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి.